దాంతో వచ్చినదానికే పూచీ

మార్కాపురం కోర్టు వీధిలో
నా డీటీపీ షాపు వెడల్పు ఆరడుగులు.
పదకొండేళ్ళు నాతో పనిచేసిన కంప్యూటర్
ఉగాది ముందురోజు
ఒక వకాల్తానామా మధ్యలో ఆగిపోయింది.

ఒంగోలు నుంచి కొత్తది తెచ్చాను,
బస్సులో నా సీటు దానికిచ్చి
పొదిలి దాకా నిలబడి.

అన్నీ ఉన్నాయి దాంట్లో.
ఎండ ఎంతో చెబుతుంది,
పేరు పెట్టి పలకరిస్తుంది.
నా అక్షరాలే లేవు.
పాత ఫైలు తెరిస్తే
శ్రీరస్తు శుభమస్తు కాస్తా
డాలర్లూ ప్రశ్నార్థకాలూ విరిగిన కొమ్ములూ.
పదకొండేళ్ళ పెళ్ళిపత్రికలు,
పెద్దకర్మ కార్డులు, గట్టు తగాదాలు
ఎవరిదో భాషలో నా వైపు చూశాయి.

తుడిచేశాను.
షట్టరు సగం దించి,
జిరాక్సు ఓబులేసు పెన్‌డ్రైవులో తెచ్చిన
పాత విండోస్ ఎక్కించాను.
తెల్లారుజాము మూడింటికి
లక్ష్మిలో మకారం
క్షకారం కింద సరిగ్గా ఒదిగి కూర్చుంది.
ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

పొద్దున చూస్తే
సౌండు లేదు. వైఫై లేదు.
తీగలు గుచ్చే నాలుగు బెజ్జాల్లో
ప్రాణమున్నది ఒక్కదానికే.

కంపెనీకి ఫోను.
రెండు నొక్కమంది, తొమ్మిది నొక్కమంది,
బోర్లించి వీపు మీది నంబరు చదవమంది.
ఆఖరికి ఒక మనిషి.
పేరు సింహాద్రి, యాస విజయనగరం.
"సిస్టం మార్చేసినారా మేడమ్?"
మార్చాను.
"దాంతో వచ్చినదానికేనండి సపోర్టు.
మార్చినదానికి మా దగ్గర డ్రైవర్లు లేవు.
మళ్ళీ మొదటిది ఎక్కించి ఫోన్ చెయ్యండి."

స్క్రీను పగిలితే?
"చూస్తామండి."
కీబోర్డు చస్తే?
"మార్చేస్తామండి."
మరి నోరు పడిపోతే?
"మొదటిది ఉంటేనేనండి."

ఒంటికి ఏడాది పూచీ.
ఊపిరికి మాత్రం
వాళ్ళు ఊదిందైతేనే.

మా నాయన ఖాసిం పీరా
ఇరవై రెండేళ్ళు పలకల ఫ్యాక్టరీలో
నల్లరాతికి చెక్క చట్రాలు బిగించాడు.
రాతిపొడి దగ్గుతూనే పోయాడు.
ఏ పలక వెనకా వాళ్ళు రాసి పంపలేదు,
దీని మీద ఓనమాలే దిద్దాలి,
ఎక్కాలు రాస్తే మాకు సంబంధం లేదని.
కోపంలో ఆ మాటే అనేశాను సింహాద్రితో.

అటు వైపు కాసేపు ఏమీ లేదు.
"పలక పగిలితే మార్చి ఇచ్చేవారా మేడమ్?"

ఇచ్చేవాళ్ళు కాదు.
నాకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చినట్టుంది.
"కాల్ రికార్డవుతోందండి" అన్నాడు.
తర్వాత గొంతు తగ్గించి,
"మీ నంబరు కొడితే మొదటిది మళ్ళీ దించుకోవచ్చు.
ఇంకో చిన్న డిస్కు కొని దాంట్లో అది..."
ఆగాడు.
"అది నేను చెప్పకూడదండి."

ఇప్పుడు దానికి రెండు ప్రాణాలు.
కంపెనీ అడిగితే చూపించేది
డ్రాయర్లో, శుభలేఖ కవర్లో,
స్క్రూడ్రైవరుతో సహా.
రోజూ కూడు పెట్టేది లోపల.
అది మాట్లాడదు.
తప్పు నొక్కినా టింగుమనదు.
వీధిలో ఆటోల మోత ఎటూ ఉంది.

నిన్న దోర్నాల వైపు నుంచి యోగమ్మని ఒకావిడ
మేకలు పోయాయని అర్జీ కొట్టించుకోడానికొచ్చింది.
కొట్టాక, "ఏందమ్మా రాసింది, అది చదవదా?" అంది
స్క్రీను కేసి గడ్డమెత్తి.
దానికి గొంతు లేదు పెద్దమ్మా అని
నేనే చదివాను, మొదట్నించీ.
ఆమె కళ్ళు మూసుకుని విని
"చెవి తెగిన మేక రాయలేదే" అంది.

వెనక్కి వెళ్ళి
మూడో లైనులో
చెవి తెగిన మేకను చేర్చాను.